వార్తల్లో పేరు లేని రోజులు

సాయంత్రం ఏడు గంటలు కాగానే టీవీ ముందు చేరడం ఒకప్పుడు తెలుగు ఇళ్లలో అలవాటు. టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు వారు కూడా వచ్చి చాప మీద సర్దుకుని కూర్చునేవారు. 1983 నవంబరు 14న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం నుండి తొలిసారిగా తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారు అలా ప్రతి కుటుంబానికీ తెలిసినవారయ్యారు. ఎదురుగా అక్షరాలు కదిలే టెలిప్రాంప్టర్ ఆ రోజుల్లో లేదు. కాగితం మీది మాటలను ముందే మనసుకు పట్టించుకుని, తల ఎత్తి, మన ముఖంలోకి చూస్తూ చెప్పేవారు. 2024 ఏప్రిల్ 5న ఆయన కన్నుమూసినప్పుడు మన ఇంటివారే పోయినట్లు ఎందరో బాధపడ్డారు.

వార్తలు చదివేవారి పనిలో ఒక పద్ధతి ఉంది. ముందు పదవి, తరువాత పేరు. ముఖ్యమంత్రి ఫలానా వారు, రాష్ట్రపతి ఫలానా వారు అని చదవాలి. పదవి పోయిన మరునాడు అదే పేరుకు ముందు మాజీ అనే మాట చేరుతుంది. మరికొన్ని వారాలకు పేరే వినబడదు. ఇందులో చదివేవారి తప్పేమీ లేదు. ఈ రోజు సంగతి ఈ రోజు చెప్పడమే వారి పని. మరి అలా వార్తల్లోంచి జారిపోయిన మనిషి ఆ తరువాత ఏం చేస్తాడు? ఉదయం లేచి ఎవరి కోసం ఎదురుచూస్తాడు? గుమ్మం ముందు కార్లు లేని ఇంట్లో ఎలా బ్రతుకుతాడు?

ఈ ప్రశ్నకు ఒక్కసారి కాదు, మూడుసార్లు జవాబు చెప్పుకోవలసి వచ్చిన నాయకుడు మన రాయలసీమలోనే పుట్టారు. ఆయనే శ్రీ నీలం సంజీవరెడ్డి. ఆయన గొప్పతనంతో పాటు ఆయన పొరపాటు కూడా మన ఆలూరు పక్కల దారులతో ముడిపడి ఉంది. అందుకే ఈ వారం ఆయనను తలచుకుందాం.

ఇల్లూరు నుండి జైలు గదికి

మన ఆలూరు నుండి గుంతకల్లు మీదుగా అనంతపురం వైపు వెళితే, ఆ జిల్లాలో ఇల్లూరు అనే పల్లె ఉంది. 1913 మే 19న సంజీవరెడ్డి గారు అక్కడ ఒక రైతు కుటుంబంలో జన్మించారు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజపు పాఠశాలలోనూ, ఆ తరువాత అనంతపురం ప్రభుత్వ కళాశాలలోనూ చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చారు. ఆ రాక ఆ యువకుడి దారి మార్చింది. విదేశీ బట్టలు వదిలి ఖద్దరు కట్టారు. 1931లో చదువు మధ్యలోనే మానుకుని స్వాతంత్ర్య పోరాటంలో చేరారు. 1935లో నాగరత్నమ్మ గారితో వివాహం జరిగింది.

1940 నుండి 1945 వరకు ఆయన కాలం చాలా వరకు జైళ్లలోనే గడిచింది. అమరావతి జైలులో టంగుటూరి ప్రకాశం, కామరాజ్, వి.వి.గిరి వంటి పెద్దలు ఆయనకు తోటి ఖైదీలు. అక్కడ కలిసి జైలు కూడు తిన్న గిరి గారే పాతికేళ్ల తరువాత ఆయనను దేశంలోని అతి పెద్ద ఎన్నికలో ఓడిస్తారని అప్పుడు ఎవరు ఊహించగలరు?

స్వాతంత్ర్యం వచ్చాక మద్రాసు రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1951లో మంత్రి పదవిని వదులుకుని, ఆచార్య రంగా గారితో పోటీపడి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. మరుసటి ఏడాది సాధారణ ఎన్నికల్లో మాత్రం అనంతపురంలో ఓడిపోయారు. ఓడించినది ఎవరో కాదు, స్వయానా బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు. ఒకే ఇంటి మనుషులు రెండు జెండాల కింద నిలబడిన రోజులవి.

ఆ సంవత్సరాల్లోనే ఆయనకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. ఐదేళ్ల కొడుకు ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖంలో పార్టీ అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చేశారు. తోటివారు బ్రతిమాలి మళ్లీ తీసుకువచ్చారు. పదవికీ ప్రాణానికీ తేడా ఆయనకు అప్పుడే తెలిసింది. బిడ్డను మట్టిలో పెట్టిన తండ్రికి ఏ కుర్చీ ఊరట ఇస్తుంది?

కర్నూలులో కొత్త రాష్ట్రం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు బళ్లారి జిల్లాలో ఉన్న మన ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఆ రోజే ఆంధ్రలోకి వచ్చాయి. బళ్లారి పట్టణం మాత్రం మైసూరు వైపు వెళ్లిపోయింది. సంతకు, కోర్టుకు, పెళ్లిసంబంధానికి బళ్లారి వెళ్లే మన పెద్దలకు రాజధాని ఇక కర్నూలు అయింది. ప్రకాశం గారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. చాలినన్ని భవనాలు లేక గుడారాల్లో కూడా ప్రభుత్వం నడిపిన కాలం అది.

1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు సంజీవరెడ్డి గారే తొలి ముఖ్యమంత్రి. అప్పటికి వయసు నలభై మూడేళ్లు. 1960 జనవరిలో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులుగా ఢిల్లీ వెళ్లారు. ఆయన ఖాళీ చేసిన కుర్చీలో కర్నూలు పక్కనున్న పెదపాడు బిడ్డ దామోదరం సంజీవయ్య గారు కూర్చున్నారు. పుట్టిన కొన్నాళ్లకే తండ్రిని పోగొట్టుకున్న ఆ దళిత యువకుడు ముఖ్యమంత్రి కావడం దేశంలోనే మొదటిసారి. 1962 మార్చిలో ఈ ఇద్దరూ మళ్లీ స్థానాలు మార్చుకున్నారు. సంజీవరెడ్డి గారు డోన్ నుండి గెలిచి ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చారు. సంజీవయ్య గారు ఆ ఏడాదే కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఒకరు ఇల్లూరు, ఒకరు పెదపాడు. పేర్లు దగ్గర, ఊళ్లు దగ్గర. రెండు పల్లెలూ వానకోసం ఆకాశం చూసేవే.

బస్సు రూట్ల తీర్పు

ఇప్పుడు చెప్పబోయేది ఆయన జీవితంలో మచ్చగా మిగిలిన విషయం. మన ప్రాంతానికి సంబంధించినది కనుక దాచకుండా చెప్పుకోవాలి.

ఆ రోజుల్లో కర్నూలు జిల్లాలో బస్సులు నడిపేవారు ప్రైవేటు యజమానులు. ప్రభుత్వం ఒక్కొక్క జిల్లాలో రూట్లను ఆర్టీసీకి అప్పగిస్తూ వస్తున్నది. ముందుగా పథకం ప్రకటించాలి, అభ్యంతరాలు వినాలి, ఆ తరువాత రూట్లు తీసుకోవాలి. ఏ జిల్లా ముందు, ఏ జిల్లా తరువాత అన్నదానికి ఒక వరుస ఉండేది. 1962 ఎన్నికల తరువాత ఆ వరుస మారి, కర్నూలు జిల్లా, అందులోనూ పశ్చిమ భాగం ముందుకు వచ్చింది. ఎన్నికల్లో తమకు ఎదురు నిలిచిన వారి బస్సులు ఆ రూట్లలో ఉన్నందువల్లనే ముఖ్యమంత్రి ఇలా చేయించారని యజమానులు కోర్టుకెక్కారు. వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆరోపణ ఇంత తీవ్రమైనదైనా, దానిని కాదంటూ ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణ పత్రం దాఖలు చేయలేదు. 1964లో కోర్టు ఆ పథకాలను కొట్టివేసింది. ముఖ్యమంత్రి పేరు మీద పడిన నీడను తీర్పు దాచలేదు.

పదవి దిగమని కోర్టు ఆయనకు చెప్పలేదు. శాసనసభలో ఆయనకు బలం తగ్గలేదు. కింది అధికారుల మీదికి నెట్టి కూర్చోవచ్చు. ఆయన అలా చేయలేదు. ఆ ఫిబ్రవరిలోనే రాజీనామా ఇచ్చి దిగిపోయారు.

పొరపాటు పొరపాటే. అధికారం చేతిలో ఉన్నవాడు ఎదుటివాడి బ్రతుకుతెరువు మీద చేయి వేసినట్లు న్యాయస్థానం భావించిందంటే అది చిన్న సంగతి కాదు. అయితే తప్పు బయటపడ్డాక కుర్చీని పట్టుకుని వేలాడకపోవడం కూడా చిన్న సంగతి కాదు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉన్నాయి. పెద్దల జీవితాలు పిల్లలకు చెప్పేటప్పుడు మనం మొదటిది దాచి రెండోదే చెబుతాం. లేదా రెండోది మరచి మొదటిదే తిడతాం. రెండూ కలిపి చెప్పినప్పుడే అది పాఠం అవుతుంది.

ఓటమి తరువాత నాగలి

ఢిల్లీలో లాల్ బహదూర్ శాస్త్రి గారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖ ఆయనకు లభించింది. 1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై స్పీకరు అయ్యారు. స్పీకరు ఏ పార్టీవాడూ కాకూడదని, ముప్పై నాలుగేళ్లు తనదిగా ఉన్న కాంగ్రెస్ సభ్యత్వాన్ని వదులుకున్నారు. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమం చూసే పార్లమెంటు సంఘం ఏర్పడింది ఆయన స్పీకరుగా ఉన్నప్పుడే. ఆ సభలోనే ఒంగోలు సభ్యులుగా కొంగర జగ్గయ్య గారు కూర్చునేవారు. సినిమాలకు పూర్వం ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన గొంతు అది. నాయకుల పేర్లు చదివిన మనిషి నాయకుల మధ్య కూర్చోవడం, వారిని అదుపు చేసే కుర్చీలో మన సీమ రైతుబిడ్డ ఉండడం ఒక ముచ్చట.

1969లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి సంజీవరెడ్డి గారే. పోటీ కోసం స్పీకరు పదవి వదిలేశారు. ఆయన నామినేషను మీద సంతకం చేసిన ప్రధాని ఇందిరాగాంధీ గారే, పోలింగు ముందు అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయమని సభ్యులకు పిలుపునిచ్చారు. ఎదుటి అభ్యర్థి అమరావతి జైలు మిత్రుడు వి.వి.గిరి. మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. ఎన్నికలో చీలిన పార్టీ ఆ తరువాత రెండు ముక్కలయింది.

ఆయన చేతిలో ఇప్పుడు ఏమీ లేదు. స్పీకరు పదవి లేదు, రాష్ట్రపతి పదవి రాలేదు. వయసు యాభై ఆరు. ఢిల్లీలోనే ఉండి ఎవరి గుమ్మమైనా ఎక్కి ఏదో ఒక పదవి అడిగే అవకాశం ఉంది. ఆయన అనంతపురం వచ్చి వ్యవసాయం చేసుకున్నారు.

సీమ వ్యవసాయం అంటే మనకు వేరే చెప్పాలా? విత్తనం వేసి మేఘం కోసం చూడడం, వచ్చిన మేఘం పక్క ఊరికి పోతుంటే చూసి ఊరుకోవడం. అక్కడ మాజీ ముఖ్యమంత్రి పొలమని వాన ముందుగా కురవదు. ఆరేళ్లకు దగ్గరగా ఆయన అలా గడిపారు. ఆ రోజుల్లో వార్తల్లో ఆయన పేరు అరుదు. నాయకుడిగా ఆయన పని అయిపోయిందనే చాలామంది అనుకున్నారు.

నంద్యాల నుండి రాష్ట్రపతి భవనానికి

1975 మే 1న హైదరాబాదులో జయప్రకాశ్ నారాయణ్ గారితో పాటు ఒకే వేదిక మీద మాట్లాడి ఆయన మళ్లీ ప్రజల ముందుకు వచ్చారు. రెండు నెలలు తిరగకుండానే దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చింది. 1977 మార్చి ఎన్నికల్లో జనతా పార్టీ తరఫున నంద్యాలలో నిలబడ్డారు. ఉత్తర దేశమంతా జనతా గాలి వీచినా మన రాష్ట్రంలో వీయలేదు. నలభై రెండు స్థానాల్లో నలభై ఒకటి కాంగ్రెస్‌కే. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. బస్సు రూట్ల విషయంలో ఏ జిల్లా కారణంగా పదవి పోయిందో, పదమూడేళ్ల తరువాత ఆ జిల్లాయే ఆయనను లేవనెత్తింది.

మళ్లీ స్పీకరు అయ్యారు. ఆ జూలైలోనే అన్ని పక్షాలూ కలిసి ఆయనను రాష్ట్రపతిగా ఎన్నుకున్నాయి. ముప్పై ఏడు మంది నామినేషన్లు వేస్తే ముప్పై ఆరు చెల్లలేదు. పోటీ లేకుండానే ఆయన ఆ పీఠం ఎక్కారు. ఎనిమిదేళ్ల క్రితం తలుపు మూసుకుపోయిన ఇంట్లోకి ఎవరూ అడ్డు చెప్పకుండా నడిచి వెళ్లారు. ఆ ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవం ముందు రోజు రాత్రి జాతినుద్దేశించి మాట్లాడుతూ జీతంలో నూటికి డెబ్బై వంతులు వదులుకుంటున్నట్లు, చిన్న ఇంటికి మారాలని ఉన్నట్లు తెలియజేశారు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైనది కూడా ఆ 1977లోనే. 1980లో మదర్ తెరెసాకు భారతరత్న లభించినప్పుడు రాష్ట్రపతి ఆయనే.

ఆ పదవిలో ఆయన తీసుకున్న ఒక నిర్ణయం మీద ఇప్పటికీ వాదన ఉంది. 1979 జూలైలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పడిపోయింది. చరణ్ సింగ్ గారిని ప్రధానిగా పిలిచారు. మద్దతు ఇస్తామన్నవారు వెనక్కి తగ్గడంతో ఆయన పార్లమెంటు ముఖం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా ఇచ్చారు. అప్పుడు తమకు బలం ఉందని జగ్జీవన్ రామ్ గారు ముందుకు వచ్చారు. రాష్ట్రపతి ఆయనను పిలవకుండా రెండు రోజులకు లోక్‌సభను రద్దు చేశారు. పిలిచి ఉంటే దేశానికి తొలి దళిత ప్రధాని వచ్చి ఉండేవారని అనేవారు ఉన్నారు. ఫిరాయింపుల బేరాలు ఆపి ప్రజల దగ్గరికే పంపడం సరైనదనేవారూ ఉన్నారు. దళితుడైన సంజీవయ్య గారిని ముఖ్యమంత్రిగా చూసిన మన జిల్లా వారికి ఆ ప్రశ్న కాస్త గట్టిగానే తగులుతుంది. ఏదేమైనా ఆ ఎన్నికల్లో గెలిచి వచ్చినది ఇందిరాగాంధీ గారే. 1980 జనవరిలో ఆమె చేత ప్రమాణం చేయించినది 1969లో ఆమె పిలుపు వల్ల ఓడిన సంజీవరెడ్డి గారే.

చివరి పద్నాలుగేళ్లు

1982 జూలై 25న జ్ఞానీ జైల్ సింగ్ గారికి బాధ్యత అప్పగించి ఆయన రాష్ట్రపతి భవనం విడిచారు. వీడ్కోలు ప్రసంగంలో, ఏ ప్రభుత్వమూ సామాన్యుల బ్రతుకును మార్చలేకపోయిందని విమర్శించారు. ఆ తరువాత మూడు వారాలకే, ఆగస్టు 15న, దూరదర్శన్ దేశమంతటికీ ఒకే కార్యక్రమాన్ని ప్రసారం చేయడం మొదలుపెట్టింది. రంగుల టీవీ వచ్చింది. మరుసటి ఏడాది తెలుగు వార్తలు వచ్చాయి. నాయకుల ముఖాలు ప్రతి ఇంటి గదిలోకి వచ్చే యుగం తెరుచుకున్నది. సరిగ్గా అప్పుడే ఆయన తెర పక్కకు తప్పుకున్నారు.

బెంగుళూరులో స్థిరపడమని ఆనాటి కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఆహ్వానించారు. ఆయన అనంతపురంలోని తన పొలాన్నే ఎంచుకున్నారు. రాష్ట్రపతిగా చూసిన సంగతులను, అనుకున్న మాటలను గ్రంథంగా రాసి 1989లో ప్రచురించారు. భయం లేకుండా, పక్షపాతం లేకుండా అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు దానికి పెట్టారు. దేశంలో ప్రభుత్వాలు మారాయి, ప్రధానులు మారారు. ఆయన మళ్లీ ఎన్నికకు నిలబడలేదు.

1996 జూన్ 1న బెంగుళూరులో న్యుమోనియాతో ఆయన మరణించారు. వయసు ఎనభై మూడు. ఆ రోజే ఢిల్లీలో దేవెగౌడ గారు ప్రధానిగా ప్రమాణం చేశారు. ఒకే రోజు వార్తల్లో ఒకరు పదవి ఎక్కడం, ఒకరు లోకం విడిచి వెళ్లడం. ఆయన సమాధి బెంగుళూరులో ఉంది.

మన ఇళ్లలో మాజీలు

ఇప్పుడు ఆయన పేరు ఎక్కడుంది? శ్రీశైలం జలాశయానికి ప్రభుత్వం నీలం సంజీవరెడ్డి సాగరం అని పేరు పెట్టింది. మనమంతా శ్రీశైలం డ్యాం అనే అంటాం. హైదరాబాదులో సంజీవరెడ్డి నగర్ ఉంది. అది కూడా జనం నోట ఎస్సార్ నగర్ అయిపోయింది. రాతి మీద చెక్కిన పేరును సైతం జనం నాలుక ఇలా అరగదీస్తుంది. వార్తల్లో వచ్చే పేరు ఎంతకాలం నిలుస్తుంది?

కాబట్టి పదవిలో ఉన్న రోజులను బట్టి మాత్రమే మనిషిని తూచలేము. బస్సుల కేసులో ఆయన నడత మనకు నచ్చకపోవచ్చు. 1979 నిర్ణయం నచ్చకపోవచ్చు. కాని ఓడిన రోజున, దిగిన రోజున, ముసలితనంలో ఆయన చేసినది ఒకటే. వచ్చిన చోటికి తిరిగి వెళ్లారు. వెళ్లడానికి ఒక చోటు మిగుల్చుకున్నారు. చేయడానికి ఒక పని మిగుల్చుకున్నారు. అందువల్లనే 1969లో పదవి పోయినప్పుడు మనిషి పోలేదు.

మన ఇళ్లలో కూడా మాజీలు ఉన్నారు. నిన్నటి హెడ్‌మాస్టరు, నిన్నటి సర్పంచి, రైల్వేలో రిటైరైన నాన్న, ముప్పై ఏళ్లు విచారణ పల్లెలన్నీ సైకిలు మీద తిరిగి జపాలు నేర్పిన ఉపదేశి. పెన్షను రోజున తప్ప వారి పేరు ఎవరూ పిలవరు. వారు చెప్పిన సంగతే మళ్లీ చెబుతున్నారని పిల్లలు టీవీ గొంతు పెంచుతారు. వార్తలు చదివేవారికి ఈ రోజు సంగతి చెప్పడమే పని. నిన్నటి మనిషిని గుర్తుంచుకోవడం వారి పని కాదు, మన పని.

ఈ సాయంత్రం వార్తలు అయిపోయాక టీవీ కాసేపు ఆపి, అరుగు మీద కూర్చున్న పెద్దాయన పక్కన కూర్చుందాం. ఆయన ఏం పని చేశారో కాదు, ఇప్పుడు ఏం చేయాలని ఉందో అడుగుదాం. ఆయనకూ ఒక పొలం కావాలి. అది నాలుగు మొక్కల కుండీ అయినా సరే, మనవడి లెక్కల పుస్తకం అయినా సరే.